నేను తెరవలేని తాళం చెయ్యండి

హైదరాబాద్‌లో అకౌంట్స్, పేరోల్, ఆస్పత్రి, స్కూలు సాఫ్ట్‌వేర్లు రాసే డెవలపర్లకు, వాళ్ల మీదున్న మేనేజర్లకు

నమస్తే.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి కాస్త అవతల సందులో నాదొక చిన్న కొట్టు. చెడిపోయిన హార్డ్ డిస్కుల్లోంచి డేటా తీసివ్వడం, మర్చిపోయిన పాస్‌వర్డులు వెతికివ్వడం నా పని. పంతొమ్మిదేళ్లుగా ఇదే. ఉన్నమాట చెప్పాలంటే నా కొట్టు అద్దెలో సగం మీ కోడ్‌లోని అజాగ్రత్తే కడుతోంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమేంటని మా ఆవిడ అంటోంది. అయినా రాస్తున్నాను: పాస్‌వర్డు తాళంచెవిగా మారే చోట మీ కోడ్ సరిచేసుకోండని.

మొన్న ఆషాఢంలో, లష్కర్ బోనాలకు వారం ముందు, హిమాయత్‌నగర్ వైపు నుంచి ఒక ఆడిటర్ గారి ఆఫీసు కుర్రాడు పెన్‌డ్రైవ్ పట్టుకొని వచ్చాడు. "అన్నా, సారు పాస్‌వర్డు మర్చిపోయిండు. ఇరవై ఆరు కంపెనీల జీతాల బ్యాకప్ ఇండ్ల ఉన్నది. తెరుచుకుంటదా?" అన్నాడు. ఆడిటర్ గారితో ఫోన్లో మాట్లాడి, లెటర్‌హెడ్ మీద సంతకం తెప్పించుకున్నాకే పెన్‌డ్రైవ్ ముట్టుకున్నాను. ఆ సాఫ్ట్‌వేరు మన ఊళ్లోనే తయారైంది. పేరు చెప్పను. తెరిస్తే మొదటి తెర మీదే బంగారు రంగులో తాళం బొమ్మ, దాని కింద 'మిలిటరీ గ్రేడ్ ఏఈఎస్-256' అని ఉంటుంది. తాళంచెవి లేకుండా చదవలేని రూపంలోకి ఫైలును మార్చే పద్ధతి అది.

పాస్‌వర్డు ఎవరిదో ఫోన్ నంబరు అయ్యుంటుందని కుర్రాడి అనుమానం. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పది అంకెలు కాబట్టి మొత్తం కలిపి 400 కోట్లకు మించవు. వినడానికి సముద్రంలా ఉంది కదా. నా దగ్గరున్నది జీటీఎక్స్ 1080, 2016 నాటి గ్రాఫిక్స్ కార్డు, ఎవరో ఆటలాడుకునే కుర్రాడు అమ్ముకుంటే కొన్నాను. అది సెకనుకు సుమారు 280 కోట్ల ఎస్‌హెచ్‌ఏ-256 లెక్కలు (ఏ మాటనైనా వెనక్కి మార్చలేని 32 బైట్ల గుర్తుగా, అంటే హ్యాష్‌గా, మార్చేవి) కడుతుంది. ఆ సాఫ్ట్‌వేరు ఫైళ్లు అంతకుముందే రెండుసార్లు నా దగ్గరికి వచ్చాయి కాబట్టి పనిముట్టు సిద్ధంగానే ఉంది. చాయ్ తెమ్మని అబ్బాయిని కిందికి పంపాను. వాడు పైకి వచ్చేసరికి పాస్‌వర్డు తెర మీద ఉంది.

కుర్రాడు సంబరపడిపోయాడు. "మస్తున్నవన్నా నువ్వు" అన్నాడు. డబ్బు తీసుకున్నాను కానీ ఆ మెప్పు నాకు దక్కాల్సింది కాదు.

ఏం జరిగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది, అయినా చెప్తాను. ఏఈఎస్ జోలికి నేను పోలేదు. దాన్ని పగలగొట్టడం నా వల్లే కాదు, ఎవరి వల్లా కాదు. నేను చూసింది దాని ముందున్న మెట్టు: మనిషి కొట్టిన పాస్‌వర్డు ఏఈఎస్ అడిగే 256 బిట్ల తాళంచెవిగా మారే చోటు. ప్రోగ్రాము డాట్‌నెట్‌లో రాసింది, విప్పి చూడటం పెద్ద పనేం కాదు. పాస్‌వర్డును ఒకే ఒక్కసారి ఎస్‌హెచ్‌ఏ-256లో వేసి, వచ్చిన 32 బైట్లనూ నేరుగా తాళంచెవిగా వాడేశారు. సాల్ట్ (పాస్‌వర్డుతో కలిపే యాదృచ్ఛిక బైట్లు) లేదు. ఒక్క లైను కోడ్. వీధి గుమ్మానికి ఇనుప తలుపు పెట్టించి తాళంచెవి తులసికోట మట్టిలో దాచినట్టు. పైన పటారం, లోన లొటారం.

మా అమ్మ రోట్లో పచ్చడి నూరేది. రెండు పోట్లు వేసి తీస్తే మిరపకాయ మిరపకాయలాగే కనిపిస్తుంది. అరగంట నూరాక ఏది ఏదో పట్టుకోలేం. పాస్‌వర్డునూ అలాగే నూరాలి. సొంతదారుడు ఒక్కసారి నూరుకుంటాడు, అర సెకను పోతుంది, అతనికి తెలియను కూడా తెలియదు. నాలాంటివాడు 400 కోట్ల సార్లు నూరాలి. సొంతదారుడి అర సెకను నా దగ్గరికొచ్చేసరికి వారాలవుతుంది. కీ డెరివేషన్ అని మీరు పిలిచేదానికి ఉన్న పనల్లా ఇదే, నా నడుం విరగ్గొట్టడం. మీరు నన్ను రెండు పోట్లతో వదిలేస్తున్నారు.

ఇక ఉప్పు సంగతి. సాల్ట్ లేకపోతే ఒకే పాస్‌వర్డు పెట్టుకున్న వాళ్లందరికీ ఒకే తాళంచెవి వస్తుంది. ఆ ఆడిటర్ గారి దగ్గర ఇరవై ఆరు ఫైళ్లకు వేరువేరు పాస్‌వర్డులు ఉన్నా, ఒక్క విడతలోనే అన్నిటినీ కలిపి వెతికేయవచ్చు. ఫైలుకొక 16 బైట్ల యాదృచ్ఛిక సాల్ట్ వేసి ఉంటే నేను ఇరవై ఆరుసార్లు మొదటినుంచీ మొదలుపెట్టాల్సి వచ్చేది.

ఈ విద్య నిన్నమొన్నటిది కాదు. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం పాస్‌వర్డుల మీద రాసిన వ్యాసంలోనే నూరడం, సాల్ట్ రెండూ ఉన్నాయి. పాస్‌వర్డుతో డీఈఎస్ అనే అప్పటి ఎన్‌క్రిప్షన్‌ను 25 సార్లు తిప్పారు, 12 బిట్ల సాల్ట్ కలిపారు. కావాలనే నెమ్మది చేశారు. పాస్‌వర్డును తాళంచెవిగా నూరడానికి 2000లో వచ్చిన పీబీకేడీఎఫ్2 ప్రమాణం కనీసం 1,000 సార్లు తిప్పమంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ భద్రత మీద సలహాలిచ్చే ఓవాస్ప్ వాళ్లు ఎస్‌హెచ్‌ఏ-256తో అయితే 6,00,000 అంటున్నారు. మన ఊళ్లో ఇప్పుడు అమ్ముడవుతున్న ఆ సాఫ్ట్‌వేరులో తిప్పుళ్లు ఒకటి. 1979 కంటే వెనక్కి వెళ్లామన్నమాట.

మిమ్మల్ని మాత్రమే అనడం న్యాయం కాదు, పెద్దవాళ్లూ ఇక్కడే కాలు జారారు. నాకు బాగా నచ్చే కథ అక్రోబాట్ 9ది. 2008లో అడోబీ వాళ్లు పీడీఎఫ్ తాళాన్ని 128 బిట్ల నుంచి ఏఈఎస్-256కు పెంచారు. అందరూ భద్రత రెట్టింపయిందనుకున్నారు. పాత పద్ధతిలో పాస్‌వర్డును 50 సార్లు ఎండీ5 అనే పాత హ్యాష్‌లో, ఆపైన 20 సార్లు ఆర్‌సీ4 అనే ఎన్‌క్రిప్షన్‌లో తిప్పేవాళ్లు. కొత్తదాంట్లో ఒకే ఒక్క ఎస్‌హెచ్‌ఏ-256. నాలాంటి పనే పెద్ద ఎత్తున చేసే ఎల్కామ్‌సాఫ్ట్ అనే కంపెనీ, కొత్త ఫైళ్ల మీద పాస్‌వర్డు వెతుకులాట పాతవాటి కంటే వంద రెట్లు వేగంగా సాగుతోందని చెప్పింది. తాళం పెద్దదైంది, తెరవడం తేలికైంది! తర్వాతి వెర్షనులో అడోబీ సరిదిద్దుకుంది. కానీ మధ్యలో తాళం వేసిన పీడీఎఫ్‌లు అలాగే ఉన్నాయి, ఇప్పటికీ అప్పుడప్పుడూ నా బల్ల మీదికి వస్తుంటాయి. వస్తే నాకు సంతోషం.

2016లో ఐఫోన్ల ఐఓఎస్ 10 బ్యాకప్‌ల విషయంలోనూ ఇదే. పాత పద్ధతి 10,000 తిప్పుళ్లది. దాన్ని అలాగే ఉంచి, పక్కన పాస్‌వర్డు సరిచూసే కొత్త దారి ఒకటి ఒక్క తిప్పుతో తెరిచారు. దొంగ ఏ దారిన వస్తాడో చెప్పాలా? అదే ఎల్కామ్‌సాఫ్ట్ లెక్కలో 2,500 రెట్ల వేగం. యాపిల్ వెంటనే దిద్దుకుంది, కొన్నాళ్లకు తిప్పుళ్లను కోటికి పెంచింది.

మీరు తప్పు చేస్తున్నది చేతగాక అని నేననుకోను. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసిన కుర్రాడికి కూడా హ్యాష్ అంటే తెలుసు. తప్పు డిఫాల్ట్‌ల (మీరేమీ చెప్పకపోతే ప్రోగ్రాము తనే వాడే విలువల) దగ్గర జరుగుతోంది. డాట్‌నెట్‌లో పీబీకేడీఎఫ్2 చేసే ఆర్‌ఎఫ్‌సీ2898డిరైవ్‌బైట్స్‌ని సంఖ్య ఇవ్వకుండా పిలిస్తే 1,000 సార్లే తిప్పేది, అదీ ఎస్‌హెచ్‌ఏ-1తో. ఫైళ్లకు తాళం వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 'ఎన్‌క్' కమాండుకు పాస్‌వర్డిచ్చి పీబీకేడీఎఫ్2 అని విడిగా అడక్కపోతే ఒక్కసారే తిప్పుతుంది. పాత పద్ధతి వాడుతున్నావని హెచ్చరిక ఇస్తుంది, దాన్ని మీరు స్క్రిప్టులో కనబడకుండా దాచేస్తారు. జావాస్క్రిప్ట్ లైబ్రరీ క్రిప్టోజేఎస్ అయితే మరీ ఘోరం. పీబీకేడీఎఫ్2 అని పేరు పెట్టి, 2023 అక్టోబరులో 4.2.0 వచ్చేదాకా డిఫాల్ట్‌గా ఒక్కసారి తిప్పింది. పేరు చూసి మోసపోయిన ప్రాజెక్టులు మన ఊళ్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలియాలి. పోనీ నేరుగా ఏఈఎస్ ఎన్‌క్రిప్ట్‌కి పాస్‌వర్డు ఇస్తే ఎండీ5తో ఒక్క తిప్పు. ఇవాళ మీ కోడ్ తెరిచి, కీ పుట్టే చోట ఏ ఫంక్షన్ ఉందో, దానికి మీరు సంఖ్య ఇచ్చారో లేదో చూడండి. పావుగంట పని.

"పాస్‌వర్డు గట్టిగా పెట్టుకోవడం కస్టమర్ బాధ్యత సార్." మీలో ఒకాయన నాతో ఫోన్లో అన్న మాట ఇది. ఆయనకు ఇవ్వడానికి నాకు అప్పుడు సరైన జవాబు తట్టలేదు, ఇప్పుడు చెప్తాను.

మన జనానికి ఫైలు పాస్‌వర్డు అంటే ఏమిటో నేర్పింది ఎవరు? ఇ-ఆధార్ పీడీఎఫ్ తెరవాలంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం కొట్టాలి. ఆదాయపన్ను కాగితానికి పాన్ నంబరు, పుట్టిన తేదీ. ఏళ్ల తరబడి అలా తెరిచి తెరిచి, తన ఫైలుకు తనే తాళం వేసుకునే రోజొచ్చినా మనిషి అదే వరుసలో పెడతాడు. నా దగ్గరికొచ్చే ఫైళ్లలో నాలుగక్షరాలు, సంవత్సరం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 26 అక్షరాలు నాలుగు చోట్ల, నూరేళ్లు: 4 కోట్ల 57 లక్షలు. ఒక్క ఎస్‌హెచ్‌ఏ-256 అయితే నా పాత కార్డుకు కన్నుమూసి తెరిచేంత సేపు కూడా పట్టదు. మీ కస్టమర్ ఎలాంటివాడో మీకు ముందే తెలుసు. తెలిసీ అతను ఇరవై యాదృచ్ఛిక అక్షరాలు పెడతాడన్న ఊహ మీద కోడ్ రాశారు.

అదే ఆ ఆడిటర్ గారి ఫైలులో పీబీకేడీఎఫ్2 ఆరు లక్షల తిప్పుళ్లతో ఉండి ఉంటే? ఒక్కో తిప్పుకు ఎస్‌హెచ్‌ఏ-256 రెండుసార్లు నడుస్తుంది, అంటే ఒక్కో పాస్‌వర్డుకు 12 లక్షలు. నా కార్డు సెకనుకు 2,300 పాస్‌వర్డులు చూడగలిగేది. 400 కోట్ల ఫోన్ నంబర్లు తిరగడానికి ఇరవై రోజులు. చాయ్ పైకి రావడానికీ ఇరవై రోజులకూ ఉన్న తేడా ఒక ఫంక్షను పేరు, ఒక సంఖ్య. నిజమే, కొత్త కార్డులు నాలుగైదు పెట్టుకున్నవాడు దాన్ని గంటల్లోకి దింపుతాడు. ఫోన్ నంబరు పాస్‌వర్డుగా ఎప్పటికీ మంచిది కాదు. పేరూ పుట్టిన సంవత్సరమూ తెలియనివాడికి ఆ నాలుగక్షరాలు, సంవత్సరం ఎంతోకొంత అడ్డు. పక్కింటివాడికి, మాజీ ఉద్యోగికి పేరూ తెలుసు, వయసూ తెలుసు, వంద ప్రయత్నాలు చాలు. వాళ్లను ఏ తిప్పుళ్లూ ఆపలేవు. ఆపగలిగినవాళ్లనైనా ఆపండి అంటున్నాను.

కొత్తగా రాసేవాళ్లు పీబీకేడీఎఫ్2 దగ్గర ఆగనక్కర్లేదు. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీ గెలిచిన ఆర్గాన్2 ఉంది. అందులో ఆర్గాన్2ఐడీ తీసుకోండి, 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9106 అనే ఇంటర్నెట్ పత్రంగా వచ్చింది. దాని గుట్టు ఏమిటంటే నూరడానికి పెద్ద రోలు అడుగుతుంది. నా కార్డులో 2,560 కోర్లున్నాయి, అంటే చిన్న చిన్న కల్వాలతో 2,560 మంది పనివాళ్లు. ఎస్‌హెచ్‌ఏకి కల్వం చాలు, అందరూ ఒకేసారి నూరుతారు. ఆర్గాన్2కి ఒక్కో పాస్‌వర్డుకు 64 ఎంబీ మెమరీ కావాలని మీరు పెడితే, నా కార్డులోని 8 జీబీలో ఒకేసారి 128 రోళ్లకే చోటు. మిగతావాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు. మీ కస్టమర్ లాప్‌టాప్‌కు 64 ఎంబీ ఒక లెక్కా? అతని బ్రౌజర్లో ఒక ట్యాబ్ అంతకంటే ఎక్కువ తింటుంది.

"నెమ్మదవుతుంది సార్, క్లయింట్ ఒప్పుకోడు" అంటారు. పన్నెండు వందల మంది ఉద్యోగుల ఫైళ్లకు ఒక్కోదానికి 0.4 సెకన్లు వేసుకోండి. మొత్తం 8 నిమిషాలు, అదీ నెలకొకసారి. మీ సాఫ్ట్‌వేరు తెరుచుకోవడానికే అంతసేపు పట్టే ఆఫీసులు నాకు తెలుసు.

ఇంకో మాట, ఇది కోడ్ రాసేవాళ్లకే. తిప్పుళ్ల సంఖ్య, మెమరీ, సాల్ట్ ఫైలు మొదట్లోనే రాసి ఉంచండి. కోడ్‌లో గట్టిగా పాతేస్తే రేపు పెంచలేరు, పెంచితే పాత ఫైళ్లు తెరుచుకోవు, భయపడి ఎప్పటికీ పెంచరు. లినక్స్‌లో డిస్కుకు తాళం వేసే లక్స్ ఇదంతా చక్కగా చేస్తుంది. ఆ మెషీన్ శక్తి కొలిచి, తెరవడానికి సుమారు రెండు సెకన్లు పట్టేలా సంఖ్య తనే ఎంచుకుని హెడర్లో రాసిపెడుతుంది. ఫైలులోని డేటాకు ఒక యాదృచ్ఛిక కీ వేసి, పాస్‌వర్డుతో పుట్టిన కీతో ఆ చిన్న కీకి మాత్రమే తాళం వేయండి. అప్పుడు పాస్‌వర్డు మార్చినా, తిప్పుళ్లు పెంచినా పది జీబీ బ్యాకప్ మళ్లీ తిరగరాయనక్కర్లేదు, కొన్ని బైట్లు మారిస్తే చాలు. పెంచినప్పుడు పాతవాళ్లనూ పెంచండి. జనం పాస్‌వర్డులు దాచిపెట్టే లాస్ట్‌పాస్ వాళ్లు కొత్త ఖాతాలకు పెంచుకుంటూ పోయి కొన్ని పాత ఖాతాలను 5,000 దగ్గరా, 500 దగ్గరా, చివరికి ఒకటి దగ్గరా వదిలేశారు. 2022లో ఆ ఖజానాల నకళ్లు దొంగల చేతికి పోయాయి. పోయిన నకలుకు తిప్పుళ్లు పెంచే దారి లేదు.

నన్ను ఈ లేఖ రాయించింది ఆడిటర్ గారి ఫైలు కాదు. ఆ తర్వాత పది రోజులకు మరొకతను వచ్చాడు. నలభై లోపు వయసు, నీటుగా ఉన్నాడు. అదే సాఫ్ట్‌వేరు బ్యాకప్, పెన్‌డ్రైవ్‌లో. "మా సేట్‌ది. అర్జెంట్‌గ కావాలె." సేట్‌తో మాట్లాడించమన్నాను. ఊళ్లో లేడన్నాడు. లెటర్‌హెడ్ అడిగాను. నవ్వాడు. "రెండింతలిస్త" అన్నాడు. కాదన్నాను. ఏమాత్రం గొడవపడకుండా పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని మెట్లు దిగాడు. మా సందులోనే ఇలాంటి కొట్లు మరి మూడున్నాయి. అతను ఎడమవైపు తిరిగాడో కుడివైపు తిరిగాడో చూడటానికి కిటికీ దగ్గరికి వెళ్లాను, జనంలో కనిపించలేదు. ఆ ఫైలులో ఎవరి జీతాలున్నాయో, ఎవరి బ్యాంకు ఖాతా నంబర్లున్నాయో నాకు తెలియదు. వాళ్లకూ ఆ మనిషికీ మధ్య నా కొట్లో ఉన్నది నేను 'కాదు' అన్న మాట ఒక్కటే. ఆ స్థానంలో మీ కోడ్ ఉండాలి.

దీనికి మరో వైపు కూడా ఉంది, అది దాచిపెడితే అబద్ధమవుతుంది. కిందటేడు ఒకావిడ వచ్చింది. భర్త హఠాత్తుగా పోయాడు. ఇంటి కాగితాలు, పిల్లల ఫొటోలు అన్నీ వెరాక్రిప్ట్ అనే తాళం సాఫ్ట్‌వేరులో పెట్టుకున్నాడట. వెరాక్రిప్ట్‌లో ఎస్‌హెచ్‌ఏ-512తో అయితే 5,00,000 తిప్పుళ్లు. ఆయనకు అలవాటైన మాటలు, తేదీలు, ఆవిడ గుర్తుతెచ్చుకున్నవన్నీ పెట్టి పదకొండు రోజులు మెషీను నడిపాను. తెరుచుకోలేదు. "ఇంక ఏం చెయ్యలేనమ్మా" అని డిస్కు తిరిగి చేతిలో పెట్టినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. మీ కోడ్ బాగుపడితే అలాంటివాళ్లు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు, నేను ఎక్కువమందికి లేదని చెప్పాల్సి వస్తుంది. అందుకని తాళం వేసే తెర మీదే, పాస్‌వర్డు పోతే ఫైలు పోయినట్టేనని తెలుగులో పెద్దక్షరాలతో రాయండి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోమనండి. అందరికీ పనికొచ్చే 'మాస్టర్ పాస్‌వర్డు' మాత్రం మీ సపోర్టువాళ్ల దగ్గర పెట్టకండి, అది నాకు ఇప్పటికే రెండు కంపెనీల నుంచి ఫోన్లో చెప్పారు, నేను అడక్కుండానే.

మేనేజర్లకు రెండు ముక్కలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సెక్షన్ 8 తగిన భద్రతా ఏర్పాట్లు చేయమంటోంది. చేయకపోతే జరిమానా 250 కోట్ల దాకా. 'ఏఈఎస్-256 ఉంది' అన్న జవాబు ఎవరైనా తెలిసినవాడు అడిగే రెండో ప్రశ్నతోనే కూలిపోతుంది. మీ బ్రోచర్లో ఆ బంగారు తాళం పక్కనే కీ ఎలా పుడుతోందో, ఎన్ని తిప్పుళ్లో కూడా అచ్చు వేయండి. కొనేవాళ్లు అదే అడగడం మొదలుపెడతారు. నేను నా దగ్గరికొచ్చే ప్రతి ఆడిటర్‌కూ అడగమని ఇప్పటికే చెప్తున్నాను.

మీ కొత్త వెర్షను తయారయ్యాక ఒక ఖాళీ ఫైలుకు మీ ఫోన్ నంబరే పాస్‌వర్డుగా పెట్టి పార్క్ లేన్‌కి పంపండి. ఈ పాత కార్డు మీదే నడుపుతాను. ఇరవై రోజులు దాటిందంటే కరెంటు బిల్లు నాదే, చాయ్ కూడా నాదే.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక డేటా రికవరీ కొట్టువాడు